తరుగు ఒప్పుకోకండి

కొత్తగా కొన్న ఒక టీబీ హార్డ్ డిస్క్‌ను విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో పక్క మంచం కుర్రాడు ‘అది మామూలే’ అంటాడు. ఆ మాట వినకండి. మలక్‌పేట గంజ్‌కి ఉల్లిగడ్డ బస్తాలు తెచ్చిన రైతుకు తూకంలో తరుగు తీస్తే కడుపు మండుతుంది. 69 జీబీ తగ్గితే మనకెందుకు మండకూడదు?

అయితే కోపంలో డిస్క్‌ను ఫార్మాట్ కొట్టకండి. పోయిన జాగా తిరిగి తెస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికీ వెళ్లకండి, ఎందుకంటే అది ఎక్కడికీ పోలేదు. ఒక టీబీ డిస్క్‌లో సాధారణంగా 1,000,204,886,016 బైట్లుంటాయి. కంపెనీ వెయ్యి లెక్కన గుణించి టీబీ అంది, విండోస్ 1024 లెక్కన భాగించి 931 అంది. 1024 లెక్కకు 1998లోనే ఐఈసీ సంస్థ జిబిబైట్ అని వేరే పేరు పెట్టింది. విండోస్ మాత్రం నేటికీ జీబీ అనే రాస్తోంది. ఆపిల్ 2009లో స్నో లెపర్డ్‌తో వెయ్యి లెక్కకు మారింది కనుక అదే డిస్క్ మ్యాక్‌లో ఒక టీబీ అని కనిపిస్తుంది.

ఇంత తెలిశాక అందరూ ఊరుకుంటారు. మీరు ఊరుకోకండి. బేరం 931 మీదే ఆడండి, బిల్లు మీద బైట్లు అంకెల్లో రాయించండి. ‘కంపెనీవాళ్లే అట్ల ఇస్తరు సార్’ అంటాడు దుకాణదారు. ఇదే తగువు మీద అమెరికాలో కొన్నవాళ్లు కోర్టుకెక్కితే 2006లో వెస్టర్న్ డిజిటల్, 2007లో సీగేట్ రాజీకొచ్చాయని చెప్పండి. వెస్టర్న్ డిజిటల్ ఉచితంగా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. సీగేట్ 5 శాతం డబ్బు వాపసుకైనా ఒప్పుకుంది. మీరూ ఆ 5 శాతమే అడగండి. ఇవ్వడు. అయినా అడగాలి, అడిగేవాడు లేకే డబ్బా మీద ఆ అంకె అలా నిలిచిపోయింది.

3 టీబీ డిస్క్‌లో విండోస్ 2048 జీబీయే వాడుకోనిచ్చి, మిగతా 746 జీబీని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నల్లగీత కింద ‘అన్‌అలొకేటెడ్’ అని చూపిస్తే అది నిజంగా కోతే. ఎంబీఆర్ అనే పాత పట్టికకు అంతకుమించి లెక్క రాదు. డేటా వేరేచోట దాచుకుని జీపీటీ అనే కొత్త పట్టికకు మార్చండి. దీనికి దుకాణదారుతో పని లేదు.

అసలు భయపడాల్సింది తక్కువ చూపే డిస్క్‌కి కాదు, లేనిది చూపే పెన్‌డ్రైవ్‌కి. ఫుట్‌పాత్ మీద కారుచౌకగా అమ్మే 2 టీబీ డ్రైవ్‌లో చాలాసార్లు ఉండేది చిన్న చిప్పే. కంట్రోలర్ చేత అబద్ధం చెప్పిస్తారు. చిప్ నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడతాయి, లేదా రాసినట్టే రాసి మాయమవుతాయి. పెళ్లి ఫొటోలు ఎక్కించుకున్నాక తెలిస్తే ఎవరిని అడుగుతారు? హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ డ్రైవ్‌ను అంచుదాకా నింపి, రాసిందంతా మళ్లీ చదివి చూస్తుంది. సీలు తీయని డబ్బా అయినా, తెలిసిన దుకాణమైనా ఈ పరీక్ష కాకుండా డబ్బు చేతికివ్వకండి. గంటలు పడుతుంది. ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి, కౌంటర్ పక్కన కుర్చీ అడిగి కూర్చోండి, షట్టర్ దించే వేళైతే మర్నాడు మళ్లీ వస్తామని చెప్పి డ్రైవ్ అక్కడే వదిలి రండి.