గుట్టు దాచాలంటే గదులుండాలి

తెలుగు వీక్లీ నవలలో ఇంటి గుట్టు మహా గట్టిది. ముప్పై వారాలు తిరిగినా చెక్కుచెదరదు. వంటమనిషికి తెలుసు, డ్రైవరుకి తెలుసు, హాల్లో వేలాడే తాతగారి పటానికి కూడా తెలుసు. తెలియనిది తాళి కట్టించుకున్నదానికీ, డబ్బిచ్చి చదువుతున్నదానికీ మాత్రమే. నాయిక మేడమెట్ల మీద నిలబడి ఏదో వింటుంది. మొహం పాలిపోతుంది. సశేషం. వచ్చే వారమైనా మొగుణ్ణి నిలదీస్తుందేమోనని చూస్తే, తీరుబడిగా పెరట్లో మల్లెమొగ్గలు కోస్తూ ఉంటుంది.

నెల్లూరు వాళ్లకి ఈ సరుకు కొత్తది కాదు. మనుమసిద్ధి కొలువులో ఉండి విరాటపర్వం నుంచి చివరిదాకా భారతాన్ని తెలుగు చేసిన తిక్కన మనవాడే. కుంతి కన్నెతనపు గుట్టు బయటపడే ఘట్టాలన్నీ ఆయన వాటాకే వచ్చాయి. యుద్ధం ముంచుకొచ్చాక కొడుక్కి చెప్పింది, ఆ కొడుకు చచ్చాక ధర్మరాజుకి చెప్పింది. ఆయనకి ఒళ్లు మండి, ఇకమీదట ఆడవాళ్ల కడుపులో రహస్యం దాగకూడదని శపించాడు. ఆ శాపం లోకంలో అందరికీ తగిలిందేమో గానీ, మన సీరియల్ నాయికల జోలికి మాత్రం పోలేదు.

యద్దనపూడి సులోచనారాణిని వెక్కిరించడం మగ విమర్శకులకి పాత సరదా. నాకా సరదా లేదు. 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగం చేసింది, డబ్బున్న మగాడికి ఎదురు చెప్పింది. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలూడేదాకా ఆ నవల తిరిగిందంటే ఊరికే కాదు. నా పేచీ ఆ అచ్చు పట్టుకుని ఆమె వెనకాల బయల్దేరిన మందతో. వాళ్ల పుస్తకాల్లో మొగుడు తప్పు చెయ్యడు, అపార్థం చేసుకుంటాడు. చెంప పగలగొట్టినా అపార్థమే. చివరి అధ్యాయంలో బీరువా అడుగు నుంచి ఓ పాత ఉత్తరం దొరుకుతుంది, ఆయన కళ్లు చెమ్మగిల్లుతాయి, ఈవిడ కాళ్లమీద పడుతుంది. తన్నులు తిన్నదే క్షమాపణ అడగడం ఈ సాహిత్యంలో తప్ప ఇంకెక్కడా చూడం. పైగా ఆయన కిటికీ దగ్గర నిలబడి గాజు గ్లాసులో తాగితే అది విషాదం. కూలోడు సారా తాగితే హాస్యం. రంగు బట్టి రసం!

ఆ రచయితలని మైపాడు నుంచి ఇసకపల్లి దాకా ఏ జాలర్ల పట్టపుపాలెంలోనైనా ఒక్క రాత్రి పడుకోబెట్టాలని నా కోరిక. గోడకీ గోడకీ మధ్య జానెడు సందు. పక్కింట్లో దెబ్బ పడితే ఈ ఇంట్లో పిల్లోడు ఉలిక్కిపడి లేస్తాడు. తెల్లారేసరికి తగువు పాలెం పెద్దలైన కాపుల ముందుకి వస్తుంది, ఊరు ఊరంతా వింటుంది. "రాత్రి నా గంపడబ్బులు ఎత్తకపోయినోడు వీడే గదబ్బా" అని ఆమె అంటుంది, "నోరు ముయ్‌ మే" అని అత్త అరుస్తుంది. మొదటి పేజీలోనే గుట్టు రట్టు. ఇక సీరియల్ దేనిమీద నడుస్తుంది? ఇంటి గుట్టు దాగాలంటే మేడ కావాలి, ప్రహరీగోడ కావాలి, తాళం పడే బీరువా కావాలి. గుడిసెలో పుట్టిన కష్టానికి సస్పెన్స్ రాదు. అందుకే అది నవల కాలేదు.

కాలేదు గానీ వాచకమైంది. 1991లో ఈ జిల్లాలో అక్షరదీపం పేరిట రాత్రి బడులు నడిచాయి. వాటి వాచకంలో సారావల్ల చితికిన సంసారం ఒక పాఠం, పేరు సీతమ్మ కథ. ఆరడుగుల హీరో లేడు, బీరువా లేదు, ఉత్తరం లేదు. సమీక్షకి రెండు ప్రతులు పంపినట్టు కూడా నేను వినలేదు. సముద్రానికి ఎగువన కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మా తోటి ఆడవాళ్లూ అది విని, సశేషం అనుకుని ఇంటికి పోలేదు, తిన్నగా సారా కొట్టు మీదికి పోయారు. తర్వాతి వాచకంలో వాళ్ల కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమైంది. పాఠకులే పాత్రలైపోయిన పుస్తకం మన నవలల్లో ఒక్కటి చూపించండి!

ఈ వాచకాలని అచ్చేసిన ప్రచురణకర్త ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ప్రభుత్వం. ఒక చేత్తో పలకాబలపం ఇచ్చింది, రెండో చేత్తో సారా ప్యాకెట్టు అమ్మింది. కుడిచెయ్యి పంచిన పాఠం ఎడమచెయ్యికి తెలియదు. అసలు కుటుంబ రహస్యమంటే ఇదీ. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు ఆడవాళ్ల దెబ్బకి పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలోనూ, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు.

ఇక్కడితో శుభం కార్డు వేసుంటే చక్కగా అమ్ముడుపోయేది. కానీ రెండో భాగం కూడా ప్రభుత్వమే రాసింది. 1997లో ఖజానా ఖాళీ అంటూ నిషేధాన్ని సడలించింది. మొగుడు బుద్ధి తెచ్చుకున్నాడని నమ్మించి, రెండేళ్లకే వాడి చేతికి మళ్లీ సీసా ఇచ్చి, లెక్కకి మాత్రం రాబడి అని పేరు పెట్టడం! ఇట్లాంటి మలుపు పట్టుకెళితే, ఎంత గతిలేని వీక్లీ ఎడిటరైనా 'నమ్మశక్యంగా లేదు' అని రాసి తిప్పి పంపేస్తాడు.