తీగ తెంపిన తెలివి

త్రిపురారంలో కేబుల్ పీకేయించుకున్న ప్రతి మనిషీ ఆర్థికవేత్తే. హోటల్ ముందు చాయ్ గ్లాసు పట్టుకుని లెక్క చెబుతాడు: "నెలకు మూడొందలు దండుగ. స్మార్ట్ టీవీ తెచ్చిన, కేబుల్ తీసేయించిన. ఇగ మనకు ఖర్చే లేదు." టీవీ ఎంతకొచ్చిందని మాత్రం అడగకూడదు. అది ఖర్చు కాదు, ఈఎంఐ.

ఆయన నోటిలెక్కను ఒకసారి కాగితం మీద పెడదాం. నెలకు మూడొందలంటే ఏడాదికి 3,600. ఈ సొమ్ము మిగలాలంటే ముందు ఇంటికి నెట్ రావాలి. 399 ప్లాను అంటారు గానీ 18 శాతం జీఎస్టీ కలిస్తే 470 దాటుతుంది, ఏడాదికి దగ్గర దగ్గర 5,650. క్రికెట్టుకూ బిగ్‌బాస్‌కూ జియోహాట్‌స్టార్, అదీ టీవీలో రావాలంటే 899. ప్రైమ్ 1,499. నెట్‌ఫ్లిక్స్‌లో టీవీకి పనికొచ్చే ప్లాన్లలో అన్నిటికంటే చిన్నది నెలకు 199, ఏడాదికి 2,388. ఇవన్నీ 2025 నాటి ధరలు. కూడితే 10,436. అంటే 3,600 ఆదా చేయడానికి అయ్యే ఖర్చు పదివేల పైచిలుకు.

"నెట్ ఎట్లయినా ఉండాలె గదా, పోరగాళ్ల చదువులకు. అది తీసెయ్" అంటాడు. తీసేశాం. 4,786. 3,600 కంటే ఇంకా పైనే ఉంది. ఇందులో ఆహా లేదు, ఈటీవీ విన్ లేదు, జీ5 లేదు, సన్ నెక్స్ట్ లేదు, సోనీ లివ్ లేదు. మనం చూద్దామనుకున్న సినిమా మాత్రం ఎప్పుడూ మన దగ్గర లేని యాప్‌లోకే వస్తుంది. అదేం చిత్రమో.

అసలు ఈ తీగ తెంపే ఫ్యాషన్ మనది కాదు. అమెరికాది. అక్కడ కేబుల్ బిల్లు డాలర్లలో వాచిపోయేది కాబట్టి తెంపినవాడికి నిజంగానే నాలుగు డాలర్లు మిగిలాయి, కొన్నాళ్లు. 2017లో యూట్యూబ్ టీవీ 35 డాలర్లకు మొదలైంది. 2025 జనవరికి 82.99 అయింది. డాలస్‌లో ఉన్న కొడుకు ఆ 35 డాలర్ల రోజుల్లో ఫోన్ చేసి "నాన్నా, ఇంకా కేబులేంది, తీసెయ్" అన్నాడు. నాన్న తీసేశాడు. కేబుల్ ఖరీదైన దేశంలో పుట్టిన ఉపాయాన్ని, ప్రపంచంలోనే కేబుల్ చౌకగా దొరికే దేశాల్లో ఒకదానికి తెచ్చి పెట్టుకున్నాం. కొడుకు సలహా కాబట్టి లెక్క సరిచూడలేదు.

ఉచితం అనే మాటకు మనం పడిపోయే తీరు కంపెనీలకు మనకంటే బాగా తెలుసు. 2023, 2024 ఐపీఎల్‌ను జియోసినిమా పైసా తీసుకోకుండా చూపించింది. కేబుల్ పీకించుకున్నవాళ్లు మీసం మెలేశారు. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ ఒకటయ్యాయి. ప్రేమికుల రోజున పెళ్లి వాళ్లది, కట్నం మనది. ఆ ఏడాది ఐపీఎల్ మొదటి కొద్ది నిమిషాలు ఉచితం, తర్వాత చందానో, చందా కలిపిన రీచార్జో.

ప్రైమ్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2016లో ఏడాదికి 499. 2021 డిసెంబరుకు 1,499. అంత కట్టినవాడికి 2025 జూన్ నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు. అవి వద్దనుకుంటే ఏటా ఇంకో 699. మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తోలిన రైతుకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. తూకమయ్యాక తరుగు తీస్తారు, అంతే. కాకపోతే తరుగు తీయకుండా ఉండటానికి విడిగా పైసలు కట్టించుకోవచ్చనే ఆలోచన మిల్లర్లకు ఇంకా తట్టలేదు.

ఇక నెట్‌ఫ్లిక్స్ వారు కుటుంబ వ్యవస్థ మీదే తీర్పు చెప్పారు. 2023 జులైలో మన దేశంలో పాస్‌వర్డ్ పంపకం బంద్ చేశారు. ఒక ఖాతా ఒక ఇంటివాళ్లకే. ఇల్లంటే ఏమిటి? ఒకచోట ఉండి ఒకే నెట్ వాడుకునేవాళ్లు. త్రిపురారంలో తల్లిదండ్రులు, మిర్యాలగూడలో బిడ్డ, హైదరాబాదు హాస్టల్లో కొడుకు ఉంటే వాళ్లు రేషన్ కార్డులో కుటుంబమే, బతుకమ్మ పండుగకు కుటుంబమే, పట్టా పాసుబుక్కు పంచాయితీలో అయితే మరీ గట్టి కుటుంబం. నెట్‌ఫ్లిక్స్ దృష్టిలో మాత్రం పరాయివాళ్లు.

కేబుల్ వాళ్లేమీ దేవుళ్లని అనడం లేదు. వాన చినుకు పడితే బొమ్మ పోయేది. పైనున్నవాళ్లు వాళ్లకంటే ఘనులు. 2019లో ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ మనకు స్వేచ్ఛ ప్రసాదించింది: నచ్చిన ఛానెలే ఎంచుకో, దానికే కట్టు. బాగుందనుకున్నాం. ఏమీ ఎంచుకోకముందే 130, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. 19 రూపాయలు దాటిన ఛానెల్‌ను బొకేలో, అంటే ఛానెళ్ల కట్టలో, కలపకూడదన్నారు. దాంతో పేరున్న ఛానెళ్లు బుద్ధిగా వచ్చి 19 దగ్గరే కూర్చున్నాయి. ఆ పరిమితిని 12కు దించుతామన్నారు, కోర్టుల చుట్టూ తిరిగారు, 2022 నవంబరులో మళ్లీ 19కే తెచ్చారు. 2023 ఫిబ్రవరిలో కొత్త ఒప్పందాల మీద సంతకం పెట్టలేదని స్టార్, జీ, సోనీ కలిసి చాలా కేబుల్ సంస్థలకు ప్రసారాలు ఆపేశాయి. జనం కేబుల్ తెంపక ముందే కేబుల్‌ను పైవాళ్లే తెంపారన్నమాట. పైవాళ్లకు పోయిందేమీ లేదు. యాప్‌లూ వాళ్లవే.

అయినా కేబుల్‌లో ఒక సౌకర్యం ఉండేది, ఏ యాప్‌లోనూ లేనిది. అప్పు. సాగర్ ఎడమ కాల్వ కింద వ్యవసాయం చేసే ఇంట్లో పైసలు నెలనెలా రావు. వానకాలం పంటకొకసారి, నీళ్లు వదిలితే యాసంగికొకసారి. కేబుల్ అబ్బాయి బండి దిగితే అవ్వ గడప మీద కూర్చునే చెప్పేది: "ఐకేపీల వడ్లు కాంటా కాలే బిడ్డా. పైసలు పడ్డంక ఇస్త, పో." అతను గొణుక్కుంటూ పుస్తకంలో రాసుకునేవాడు. మూడు నెలలు బాకీ పడితే కట్ చేస్తానని బెదిరించేవాడు. చేస్తే అవ్వ అతని ఇంటికే పోయి వాళ్లమ్మతో చెప్పేది. సాయంత్రం సీరియల్ టైముకు బొమ్మ వచ్చేది. ఇప్పుడు ఆటోపే. వడ్లు కల్లంలో తడుస్తున్నాయా, మొలకెత్తాయా అని అది అడగదు. తెల్లారేసరికి ఖాతాలోంచి లాగేసుకుంటుంది. ఎవరి అమ్మతో చెప్పాలి?

ఆ అవ్వ ఇప్పుడు సీరియల్ చూడాలంటే జరిగే తతంగం చూడండి. రిమోట్‌లో పై బాణం, కింది బాణం, "ఎవరు చూస్తున్నారు?" అని నాలుగు బొమ్మలు. మనవడి బొమ్మ నొక్కింది. కార్టూన్ వచ్చింది. వెనక్కి పోతే లాగిన్ పోయింది. నంబరు కొట్టమంది. ఓటీపీ వెళ్లింది, హైదరాబాదులో ఆఫీసు మీటింగులో ఉన్న కొడుకు ఫోనుకు. "అయ్యా, ఏందో నంబరొచ్చిందంట, జర చెప్పు." మూడోసారి ఎత్తి చెప్పేసరికి గడువైపోయింది. పాత పెట్టెకయితే మూడంకెలు, నొక్కితే బొమ్మ. చదువురాని మనిషికి కూడా కంఠతా ఉండేవి.

క్రికెట్ రోజున బాధ మరో రకం. కేబుల్ ఉంచుకున్న తెలివితక్కువ పక్కింట్లోంచి "సిక్స్!" అని కేక. మన టీవీలో బౌలర్ ఇంకా చెమట తుడుచుకుంటుంటాడు. అరనిమిషం తర్వాత సిక్స్ కొడతాడు. ఏడాదికి పదివేలు పెట్టి మ్యాచ్ చూస్తున్నామో, పక్కింటాయన చూసిన మ్యాచ్ రుజువు చేసుకుంటున్నామో తెలియదు.

నిజంగా పైసలు మిగలాలంటే దారి లేకపోలేదు. డీడీ ఫ్రీ డిష్ 2004 నుంచి ఉంది. పెట్టె, గొడుగు ఒకసారి కొంటే నెలనెలా కట్టే పని లేదు. కావాల్సిన సీరియళ్లన్నీ దొరకవు, నిజమే. కానీ దాని గురించి చాయ్ హోటల్ ముందు గొప్పలు చెప్పుకోలేం, అసలు లోపం అది. ఇంకో దారి ఐబొమ్మ, సినిమాలు దొంగతనంగా చూపే సైటు. 2025 నవంబరులో దాన్ని నడిపాడంటూ హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేస్తే, దొంగ సొత్తు అనుభవించిన జనం సోషల్ మీడియాలో ఇంట్లో మనిషి పోయినంత బాధపడ్డారు.

తీగ తెంపామన్నవాళ్లు తలెత్తి స్తంభం వైపు చూడాలి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, హైదరాబాదులో విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది తీగల చుట్టలు కోయడం మొదలుపెట్టారు. అన్ని ప్రాణాలు పోయేదాకా ఆ చుట్టలు ఎవరివో ఎవరికీ పట్టలేదు. కోశాక చూస్తే, కేబుల్ మానేసి యాప్‌లకు మారిన ఇళ్లలోనూ టీవీలు ఆగిపోయాయి. నెట్ దిగేది కూడా ఆ స్తంభం మీంచే మరి.

ఊళ్లలోనూ చాలాచోట్ల అంతే. ఫైబర్ లాగేది పాత కేబుల్ ఆపరేటరే, నిచ్చెన కూడా పాతదే. మారింది పుస్తకం ఒక్కటే, బాకీల పేజీ తీసేశాడు. ఇప్పుడు నెట్టు, నాలుగు యాప్‌లు కట్టగట్టి అమ్ముతున్నాడు.

"అన్నా, ఈ ప్యాకేజీ తీస్కో. ఆర్నెల్లది ఒక్కసారే కట్టాలె. నెట్టు, యాప్‌లు, దాంతోని టీవీ ఛానెళ్లు గూడ ఫ్రీ."

ఆర్థికవేత్త ఫోన్ తీసి ఆర్నెల్ల సొమ్ము అక్కడికక్కడే కొట్టాడు. "ఛానెళ్లొద్దు తీయ్" అన్నాడు. "మేం కేబుల్ మానేసినం గదా."