చిట్యాలలో గ్లోబల్ గిరాకీ

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన, చిట్యాలలో దుకాణం పెట్టుకున్నవాడికి లోకం తనను చూడటం లేదన్న బెంగ ఉండనక్కర్లేదు. లోకం పొద్దున లేస్తే అతని గుమ్మం ముందు నుంచే పోతుంది. సంక్రాంతికి రెండు మూడు రోజుల ముందైతే పోదు కూడా, అక్కడే నిలబడుతుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర ఓపిక ఖర్చు పెట్టుకుని వచ్చిన జనం ఛాయ్ కోసమో, బాత్రూం కోసమో, పిల్లల బిస్కెట్ల కోసమో దిగి అతని బోర్డును అక్షరం అక్షరం చదువుతారు. అటువంటి మనిషిని కూచోబెట్టి ఈ మధ్య ఒక కబురు చెప్పి పోతున్నారు: వెబ్‌సైటు లేకపోతే నీ వ్యాపారం లేనట్టే లెక్క.

చెప్పేవాడు ఇన్‌షర్టు చేసుకుని, మెడలో ట్యాగు వేసుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని వస్తాడు. టిఫిన్ల గిరాకీ తగ్గి భోజనాల గిరాకీ ఇంకా మొదలుకాని పదకొండు గంటల వేళ వస్తాడు. ఆ వేళ ఎవరు చెప్పారో గానీ, అతనికి చెప్పినవాటిలో పనికొచ్చేది అదొక్కటే. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసి, నెలకు ఇన్ని దుకాణాలు పట్టకపోతే జీతం ఆగిపోయే నౌకరీలో ఇరుక్కున్నాడు. నా కోపమంతా ఆ ట్యాబ్‌లోంచి అతను చదివే మాటల మీద. "సార్, ఇప్పుడు కస్టమరంతా ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు. మీ కోసం అక్కడే వెతుకుతున్నాడు." నిజమే అనుకుందాం. మరి ఆన్‌లైన్ సంగతి అంత బాగా తెలిసిన కంపెనీ, తన కస్టమర్ కోసం పెట్రోలు పోసుకుని నార్కట్‌పల్లి దాకా ప్రతి మడిగె మెట్టూ ఎందుకు ఎక్కుతున్నట్టు? పంక్చర్ షాపాయన ఒకరు ఈ మాటే అడిగాడు: "మరి నువ్వు నాకు ఆన్‌లైన్ల ఎందుకు దొరకలే తమ్మీ?" పిల్లవాడు తడుముకోలేదు. "మాది బీ టు బీ సార్" అన్నాడు. పంక్చర్లాయన ట్యూబును తొట్టి నీళ్లలో ముంచి బుడగలు చూసుకున్నాడు.

ఇంతకీ ప్రొఫెషనల్ వెబ్‌సైటు అంటే ఎట్లా ఉంటుంది? ఒకటి దగ్గరగా చూద్దాం. యజమాని పేరు వద్దు, అతను మంచివాడు. మినరల్ వాటర్ ప్లాంటు నడుపుతాడు. నల్లగొండ జిల్లాలో నీళ్ల వ్యాపారం ఎందుకు పుట్టిందో ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఫ్లోరైడ్ పుట్టించింది. ట్రాలీ ఆటోలో ఇరవై లీటర్ల క్యాన్లు వేసుకుని రెండు మూడు కిలోమీటర్ల లోపల ఇంటింటికీ వేస్తాడు. అంతకు మించి పోతే డీజిలు గిట్టదు. అతని వెబ్‌సైటు తెరవగానే నీలి సముద్రం కనిపిస్తుంది. చిట్యాలకు సముద్రం ఎంత దూరమో డిజైనర్‌కు పట్టలేదు. సముద్రం మీద ఇంగ్లీషులో తేలుతూ వచ్చే అక్షరాలు మానవాళి దాహం తీర్చడమే తమ ధ్యేయమని ప్రకటిస్తాయి. కిందికి జరిపితే 'మా బృందం'. అద్దాల మేడలో కోట్లు వేసుకున్న నలుగురు తెల్లవాళ్లు చేతులు కలుపుకుంటుంటారు, హెడ్‌సెట్ పెట్టుకున్న ఒక తెల్లమ్మాయి నవ్వుతుంటుంది. అసలు బృందంలో ఉన్నది ఆటో నడిపే బామ్మర్ది, క్యాన్లు కడిగే ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల ఫొటోలు పెడితే ప్రొఫెషనల్‌గా ఉండదట.

ఆ పేజీలో లేనివి మూడే మూడు. క్యాన్ ఎంత, పొద్దున ఎన్నింటికి వేస్తారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. నంబరు బదులు ఒక ఫారం ఉంది. పేరు, మెయిల్, విషయం, సందేశం అన్నీ నింపి బొత్తాం నొక్కితే, మిమ్మల్ని త్వరలోనే సంప్రదిస్తామని ఆకుపచ్చ అక్షరాలు వస్తాయి. ఆ సందేశం పోయి పడే మెయిల్‌పెట్టె ఒకటుందన్న సంగతే మా నీళ్లాయనకు తెలియదు. ఇంట్లో నీళ్లయిపోయి, పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టాల్సిన ఆడమనిషి 'విషయం' అన్న గడిలో ఏం రాయాలి?

అడుగున మ్యాపు కూడా ఉంది. దాన్ని నమ్ముకుని బయలుదేరితే భూపాలపల్లి జిల్లాలో తేలతారు, ఎందుకంటే అక్కడా ఒక చిట్యాల ఉంది, అదీ మండల కేంద్రమే. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూచుని పిన్ను గుచ్చినవాడికి చిట్యాల అంటే చిట్యాలే. రైల్వే వంతెన కింద వాననీళ్లు నిలిచి బండ్లు ఆగే చిట్యాల ఇదా, మానేరు దిక్కున్న చిట్యాల అదా అని అడిగే పని అతనికి లేదు. లోకమంతా తెలియజేస్తామన్నవాళ్లు జిల్లా తెలుసుకోలేదు.

ఇక 'గూగుల్ ఫస్ట్ పేజీ గ్యారంటీ'. ఈ మాట చెప్పేటప్పుడు అమ్మేవాడి గొంతు కొంచెం తగ్గుతుంది, అమెరికాలో తనకు లోపలి మనుషులున్నట్టు. గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసి పెట్టింది, మొదటి స్థానం ఇప్పిస్తానని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని, అట్లా చెప్పేవాళ్లతో జాగ్రత్తగా ఉండమని. అయినా ట్యాబ్‌లో చూపిస్తాడు. నిజంగానే మన దుకాణం మొదట్లో వస్తుంది. వెతికింది ఏమని? దుకాణం పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, చివర చిట్యాల అని చేర్చి. మీ పేరు పెట్టి పిలిస్తే మీరు కాక ఎవరు పలుకుతారు? పైగా రోజుకు నాలుగుసార్లు ఆ సైటే తెరిచి చూసే ఆ ట్యాబ్‌లోనే వెతుకుతాడు. కారులో పోయేవాడు 'దగ్గర్లో టిఫిన్' అనో, 'టైర్ పంక్చర్' అనో కొడతాడు గానీ మీ తాతగారి పేరు కొట్టడు. అప్పుడు పైకి వచ్చేది వెబ్‌సైటు కన్నా ముందు మ్యాపులోని దుకాణాల వరస. ఆ వరసలో పేరు చేర్చుకోవడానికి గూగుల్ పైసా తీసుకోదు. ఫోన్ నంబరు, తెరిచి ఉండే వేళలు, నాలుగు ఫొటోలు పెట్టడం ఇంటర్ చదివే కొడుకో కూతురో సాయంత్రం కూచుని చేయగల పని. ఆ పనికే 'లోకల్ ఎస్ఈవో ప్రీమియం ప్యాకేజీ' అని పేరు పెట్టి ఐదంకెల బిల్లు వేస్తున్నారు.

బిల్లులో ఇంకొక వరస ఉంటుంది, 'మెటా కీవర్డ్స్' అని. పేజీ వెనకాల ఎవరికీ కనిపించకుండా బెస్ట్ వాటర్, టాప్ వాటర్, నంబర్ వన్ వాటర్ అని దండకం రాయడం. ఆ దండకాన్ని ర్యాంకింగుకు లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా చెప్పింది. 2009లో చిట్యాల ఇంకా గ్రామ పంచాయతీ, నల్లగొండ ఇంకా ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. రాష్ట్రం మారింది, జిల్లా చీలింది, 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. బిల్లులో ఆ వరస మాత్రం చెక్కుచెదరలేదు.

సోషల్ మీడియా సంగతి ఫంక్షన్ హాలాయన్ని అడగాలి. ఫేస్‌బుక్‌లో హాలు ఫొటోలు బూస్ట్ చేయించాడు. నెల తిరిగేసరికి రంగు రంగుల గ్రాఫులతో రిపోర్టు వచ్చింది. ఇంప్రెషన్స్ ఇన్ని వేలు, లైకులు ఇన్ని వందలు. ఇంప్రెషన్ అంటే ఏందని అడిగితే, ఒకరి తెర మీదికి అది వచ్చిందని అర్థమట. చూశారా అంటే, వచ్చిందట. లైకులు కొట్టినవాళ్ల పేర్లు తీరిగ్గా చూస్తే కాన్పూరు, పాట్నా. కాన్పూరు కుర్రవాడు చిట్యాల ఫంక్షన్ హాలులో పెళ్లి చేసుకుంటాడా? ప్రకటన ఏ ఊరి చుట్టూ ఎన్ని కిలోమీటర్ల దాకా కనిపించాలో పెట్టుకునే వీలు ఫేస్‌బుక్‌లోనే ఉంది. అక్కడ వేలు పెట్టి రామన్నపేట, మునుగోడు, నార్కట్‌పల్లి కలిసేంత గీత గీస్తే లైకులు పడిపోతాయి, గ్రాఫు వంగిపోతుంది. వంగిన గ్రాఫు చూపించి వచ్చే నెల డబ్బులు ఎట్లా అడుగుతారు? ఫలానా ముహూర్తానికి హాలు ఖాళీ ఉందా లేదా అన్నది ఆడపిల్ల తండ్రి అడిగే మొదటి మాట, ఆఖరి మాట కూడా. బుక్కయిన తేదీలు చూపించే చిన్న క్యాలెండర్ ఒకటి పెట్టమని హాలాయన అడిగితే, అది 'కస్టమ్ డెవలప్‌మెంట్' కిందికి వస్తుంది, అదనం అన్నారు. తెర మీద రాలే గులాబీ రేకులు మాత్రం ప్యాకేజీలోనే ఉన్నాయి.

రివ్యూల జోలికి ఎక్కువ పోను. ట్రాక్టర్ మెకానిక్ షెడ్డుకు ఐదు నక్షత్రాలిచ్చి 'గదులు శుభ్రంగా ఉన్నాయి, బ్రేక్‌ఫాస్ట్ రుచికరం' అని రాసినవాళ్లున్నారు. కట్టగట్టి కొన్న రివ్యూల్లో ఏది ఎవరికి అంటించాలో చూసుకునే తీరిక కూడా లేదన్నమాట. ఇటువంటివి ఆపడానికి భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. నీళ్ల సీసాకు, సిమెంటు బస్తాకు ఉన్నట్టు పొగడ్తకూ ప్రమాణం రావాల్సి వచ్చింది. పాటించడం మాత్రం కంపెనీల ఇష్టానికి వదిలారు, అందుకే మెకానిక్ ఇంకా బ్రేక్‌ఫాస్ట్ వడ్డిస్తున్నాడు.

నవ్వుకునే భాగం ఇక్కడితో అయిపోయింది. ఏడాది తిరిగాక వచ్చే ఫోన్ నవ్వొచ్చేది కాదు. రెన్యువల్. డాట్ కామ్ పేరుకు ఏడాదికి మామూలుగా అయ్యేది వెయ్యి, పదిహేను వందల చుట్టూ. అడిగేది దానికి ఎన్నో రెట్లు. వద్దు, నా పేరు నాకివ్వండి, నేనే కట్టుకుంటా అంటే అప్పుడు తెలుస్తుంది, ఆ పేరు రిజిస్టరై ఉన్నది దుకాణదారు పేరు మీద కాదు, సైటు చేసినవాడి పేరు మీద. మ్యాపులో దుకాణానికి యజమానిగా ఉన్న మెయిల్ కూడా వాడిదే. అంటే తండ్రి పెట్టిన దుకాణం పేరుకు కొడుకు ఇంకెవరికో కిరాయి కడుతున్నాడు. మడిగె కిరాయికి తీసుకుంటే అగ్రిమెంటు రాసుకుంటాం, ఇద్దరు సాక్షులను పెట్టుకుంటాం. దుకాణం పేరునే రాసిచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న అడగలేదు, ఎందుకంటే ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది, ఇచ్చినవాడు ఇన్‌షర్టు చేసుకున్నాడు. చిట్యాల సేటు బేరంలో గుండుసూది దగ్గర కూడా రూపాయి వదలడు. 'బ్రాండింగ్' అనగానే అదే సేటు చదవకుండా సంతకం పెట్టాడు. ఇందులో అమ్మినవాడి తప్పెంతో కొన్నవాడి మోజూ అంతే. తన దుకాణం పేరు తెల్లవాళ్ల ఫొటో పక్కన కనబడితే చాలనుకున్న మోజు అది.

అట్లాగని వెబ్‌సైటే దండగ అంటే అబద్ధమవుతుంది. ఈ చుట్టుపక్కలే నిజంగా దాని అవసరం ఉన్నవాళ్లున్నారు. చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెంలో, సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాకలో మగ్గం మీద కూచున్నవాళ్లు. వాళ్ల గిరాకీ చిట్యాల సెంటర్‌లో లేదు, బెంగళూరులో ఉంది, డల్లాస్‌లో ఉంది. నీళ్ల క్యాను డల్లాస్ పోదు గానీ చీర పోతుంది. నిజానికి వెబ్‌సైటు మాటే పుట్టని కాలంలో తేలియా రుమాళ్లు అరబ్బు దేశాల దాకా పోయాయి. నూలును నూనెలో, ఆముదపు కాయలు కాల్చిన బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి చేసిన సరుకు, తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందన్న పేరే దాని ప్రచారం. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, పోచంపల్లి ఇక్కత్‌కు వచ్చి 20 ఏళ్లు దాటింది. అయినా ఆన్‌లైన్‌లో పోచంపల్లి అని కొడితే ముందు వచ్చేది మిల్లులో అచ్చు వేసిన నకలు. మగ్గం ధరలో పదో వంతుకే, అదే పేరుతో, అవే పొగడ్తలతో.

మార్కెటింగ్ తెలివంతా చూపించాల్సింది ఇక్కడ. ఇక్కత్ పద్ధతిలో చిటికి కట్టి రంగులద్దిన నూలుతో నేసిన చీరకు రంగు దారంలోనే ఉంటుంది, కాబట్టి బొమ్మ రెండు వైపులా ఒక్కలాగే కనిపిస్తుంది. అచ్చు వేసినదాన్ని తిరగేస్తే వెలిసిపోయి కనిపిస్తుంది. ఆసు దగ్గర కూచున్న ఇల్లాలి చేతులు, చిటికి కట్టిన నూలు, నేసేటప్పుడు అంచుల దగ్గర ఒక దారం మందాన అటూ ఇటూ జరిగే గీత, వీటితోపాటు చీర తిరగేసిన ఫొటో ఒక్కటి పెడితే కొనేవాడికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. నాకు తెలిసిన నేతన్న ఒకాయన సైటు చేయించుకుంటూ సరిగ్గా ఇదే అడిగాడు. చీర కొంగు పట్టి తిరగేసి, ఫోన్‌తో తనే ఫొటో తీసి పంపించాడు. తయారైన సైటులో ఆ ఫొటో లేదు. దాని చోట బనారస్ చీర కట్టుకున్న మోడల్ నిలబడి ఉంది, వెనక రాజస్థాన్ కోట. ఫోన్ చేసి అడిగితే అవతలి నుంచి జవాబు వెంటనే వచ్చింది: "అన్నా, ఉల్టా ఫొటో ఎవరన్నా పెట్టుకుంటరా? కంప్లయింట్ అనుకుంటరు. ప్రొఫెషనల్‌గా ఉండదు."