తూటా మాన్యువల్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: అమెరికాలో కొందరు వేటగాళ్లు, గురిపందేల వాళ్లు పేలిన ఇత్తడి తొడుగును పారేయరు. నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ బిగించి, పౌడర్ పోసి, బులెట్ దించి ఇంటి షెడ్డులోనే మళ్లీ తూటా చేస్తారు. వారికి గ్రంథనిర్ణయం చేస్తున్నాడు కవి.

ఆ.వె.
మందు తూచువాడు మాన్యువల్ రెండైన
చదివి, సగటు తీయ జంకి, నిలిచి,
చిన్న తూకమందె శ్రీకారమును జుట్టి
గడప దాటకుండ కదలవలయు.

టీక: మందు = స్మోక్‌లెస్ పౌడర్‌ను; తూచువాడు = పౌనుకు 7000 గ్రెయిన్ల లెక్కన తూచే గృహస్థు; మాన్యువల్ రెండైన = పౌడర్ తూకాల పట్టికలుండే పుస్తకాలు తక్కువలో తక్కువ రెండు; చదివి = పట్టికలే కాక ముందరి అధ్యాయాలూ చదివి; చిన్న తూకమందె = ‘స్టార్ట్’ గడి అంకె దగ్గరే; శ్రీకారమును జుట్టి = మొదలుపెట్టి; గడప = ‘మాగ్జిమమ్’ గడి; కదలవలయు = కొద్దికొద్దిగా పెంచాలి.

తాత్పర్యం: ఒక పుస్తకాన్ని నమ్మినవాడికి సందేహం రాదు. రెండు చదివినవాడికి వస్తుంది. వేళ్లు పదీ మిగలాలంటే ఆ సందేహం అవసరం.

విశేషాలు:

మతభేదం: హోర్నడీ, సియెర్రా, నోస్లర్ బులెట్లు చేసే వంశాలు, వారి గ్రంథాల్లో ఎవరి బులెట్లకు వారే పట్టం కడతారు. హాడ్జ్‌డన్‌ది పౌడర్ వంశం. లైమన్ మాత్రం పలు కంపెనీల బులెట్లనూ, పోత పోసిన సీసం బులెట్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెడుతుంది. కనుక మొదట లైమన్, తరువాత మన బులెట్ ఏ ఇంటిదో ఆ ఇంటి గ్రంథం.

పూర్వపక్షం: అదే పౌడర్, అదే బరువు బులెట్, గరిష్ఠ తూకం మాత్రం రెండు పుస్తకాల్లో రెండు రకాలు. ఒకటి తప్పు కాదా?

సిద్ధాంతం: కాదు. పరీక్షించిన బారెల్ వేరు, ప్రైమర్ వేరు, తొడుగు లోపలి జాగా వేరు, బులెట్ దించిన లోతు వేరు. ఏ అంకె అయినా తన ప్రయోగానికే సాక్షి. సగటు తీస్తే ఎవరూ పరీక్షించని మూడో తూటా పుడుతుంది.

పాఠాంతరం: ప్రతి ఎంత పాతదైతే అంత ప్రమాణమనే పండితులకు ఈ శాస్త్రంలో ప్రవేశం లేదు. పూర్వం రాగి ముక్క ఎంత నలిగిందో కొలిచి ఒత్తిడి లెక్కగట్టేవారు. తరువాత పీజో సెన్సర్లు వచ్చాయి. తాతగారి ఎడిషన్ అలమరకు అలంకారం.

‘నిలిచి’: ఇది ఛందస్సు కోసం పడిందని ఒక వ్యాఖ్యాత. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ప్రైమర్ చదునైందా, బోల్టు బిగుసుకుందా చూడాలని కవి హృదయం. పాదపూరణమన్న ఆ వ్యాఖ్యాత పక్కన షూటింగ్ రేంజిలో ఎవరూ నిలబడరాదని సంప్రదాయం.