నవంబరు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: బొగ్గుగని పెన్షనరు ఏటా నవంబరులో తాను బతికే ఉన్నట్టు బ్యాంకుకు రుజువు చూపాలి. ఆ నెలలో గోదావరిఖని బ్యాంకుల ముందు తలుపు తీయకముందే లైను కడుతుంది. ఈ పద్యం అక్కడ పుట్టింది. కవి ఎవరో తెలియదు గాని, కౌంటరుకు ఏ వైపున నిలబడ్డాడో తెలుస్తూనే ఉంది.

ఆటవెలది:
మనిషి నిలిచి యుండ మాట మిషిన్నుకా?
వేలు గీత లేదు వెదకి చూడ
బొగ్గు తిన్న వేలు పొద్దంత నొక్కినా
బతికి యున్న వాడ, పలుక దేమి?

టీక: మనిషి = ఒకప్పుడు తట్టా చెమ్మస్ పట్టి, ఇప్పుడు పాస్‌బుక్కూ ఆధార్ జిరాక్సూ పట్టినవాడు; నిలిచి యుండన్ = ఎదుటనే ఉండగా (కుర్చీ లేదని ధ్వని); మాట = ఇతడు ఉన్నాడా, పోయాడా అను ప్రశ్న; మిషిన్నుకా = వేలిముద్రల యంత్రమునకా వేయుట; వెదకి చూడన్ = పది వేళ్లూ వరసగా పెట్టించి, తడిగుడ్డతో తుడిపించి, మళ్లీ పెట్టించగా; లేదు = కానరాదు; బొగ్గు తిన్న వేలు = బొగ్గు చేత తినబడిన వేలు, బొగ్గు వలన అన్నము తిన్న వేలు అని రెండర్థములు; పొద్దంత = లంచ్ బ్రేకు వరకు; పలుకదేమి = సర్వరు డౌనని భావము.

తాత్పర్యం: నేను కనబడుతున్నాను, వినబడుతున్నాను. ఇంకేం కావాలి సారూ?

విశేషాలు: ఈ పద్యంలో రసం ఏదన్నది మొదటి చిక్కు. కొత్తగా పోస్టింగు మీద వచ్చిన వ్యాఖ్యాతలు రౌద్రమే అంటారు. పెద్దాయన అరిచాడు, అద్దం మీద కొట్టాడు, ఇంకేం నిదర్శనం కావాలని వారి వాదం. పాతకాపులు ఒప్పుకోరు. హాలేజీ మోతలో, డ్రిల్లు మోతలో ఏళ్లకేళ్లు పనిచేసిన చెవికి తన గొంతు తనకే సరిగా వినబడదు. బాయిలో మెల్లగా మాట్లాడినవాడి మాట పక్కవాడికి చేరేది కాదు. కనుక అది కోపం కాదు, అలవాటైన కంఠధ్వని. అద్దం మీద కొట్టడం మటుకు కోపమే. అక్కడ కొత్తవారి మాట చెల్లుతుంది.

సరే, కోపమే అనుకుందాం. ఎవరి మీద? 1998లో వచ్చిన బొగ్గుగనుల పెన్షన్ పథకంలో పెన్షనుకు డీఏ ముడి పెట్టలేదు. రిటైరైన నాడు ఖరారైన అంకె అలాగే ఉంటుంది. బియ్యం ధర, బీపీ గోలీల ధర మాత్రం ఉండవు. పాస్‌బుక్కులో ఏళ్ల తరబడి అదే అంకెను చూస్తున్న మనిషికి ఎవరినో ఒకరిని అడగాలనిపిస్తుంది. ఢిల్లీ ఆయనకు దూరం, కౌంటరు దగ్గర. గుమాస్తాకు తగిలేది ఆ కోపమే. దాని మీద అతని పేరు రాసి లేదు. ఇది తెలిసిన గుమాస్తా రాత్రి ఇంటికి వెళ్లి మామూలుగా అన్నం తింటాడు. తెలియనివాడు ట్రాన్స్‌ఫరుకు అర్జీ పెట్టుకుంటాడు.

ఇక నాయక లక్షణం. లాక్షణికులు చెప్పిన నలుగురు నాయకులలో కౌంటరుకు పనికొచ్చేది ధీరశాంతుడొక్కడే. అతడు ఏం చేయాలో బాయి దిగినవారికే బాగా తెలుసు. గనిలో సర్దారు పైకప్పును కర్రతో తట్టి వింటాడు. ఖంగుమంటే బండ గట్టిదే, డొల్లగా పలికితే కింద ఎవరూ నిలబడకూడదు. గొంతులనూ అలాగే తట్టి వినాలి. ఖంగుమన్న పెద్దాయనతో భయం లేదు. చాయ్ తాగొచ్చి మళ్లీ లైనులో నిలబడతాడు. కొంగుతో మూతి తుడుచుకుంటూ, "మా ఆయన పేరు అదే గని, బాయిల ఇంకో పేరు రాసిన్రు బిడ్డా" అని మెల్లగా చెప్పే అమ్మ దగ్గర పని ఆపి వినాలి. సింగరేణిలో మారుపేర్లతో పనిలో చేరినవారు చాలామంది. మనిషి ఒకడే, మస్టర్లో ఒక పేరు, ఆధార్లో ఒక పేరు. ఆయన పోయాక రెండు పేర్లూ ఒక్కరివేనని నిరూపించే పని ఆమె మీద పడింది. ఆమె అరవదు, అద్దం మీద కొట్టదు. "రేపు రామ్మా" అంటే వెళ్లిపోతుంది. వెళ్లిపోయిందంటే మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు.

మిషిన్ సంగతి చెప్పకపోతే టీక అసంపూర్ణం. ఇంట్లో కూర్చునే రుజువిచ్చే వీలుండాలని 2014 నవంబరులో కేంద్రం జీవన్ ప్రమాణ్ తెచ్చింది. అరిగిన వేళ్ల గోడు విని 2021లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతీ కలిపింది. ఫోనుకు ఎదురుగా రెప్ప కొట్టాలి. పెద్దాయన శుక్లాల ఆపరేషన్ చేయించుకుని నల్ల కళ్లద్దాలతో వస్తే ఏం చేయాలో ఏ భాష్యకారుడూ రాయలేదు. అప్పుడు గుమాస్తా సొరుగులోంచి పాత కాగితం ఫారం తీస్తాడు.

పెద్దాయన దాని మీద నిదానంగా సంతకం పెట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూసి గుమాస్తాకు చెబుతాడు: "నా ఎనకాలున్నాయనకు జర గట్టిగ చెప్పు సారూ, చెవులు ఇనవడయి. కోపం గూడ ఎక్కువ."