సిమ్ము మార్చేవారికి సద్బోధ

గడిచిన రెండేళ్లలో నాలుగుసార్లు పోర్టు పెట్టినవాణ్ని నేను. రాజమండ్రిలో మా వీధి చివర గొడుగు వేసుకుని సిమ్ములమ్మే కుర్రాళ్లు నన్ను చూడగానే స్టూలు తుడుస్తారు. "బాబాయ్ గారూ, ఈసారి ఎటు?" అని అడుగుతారు, బస్సు కండక్టరు అడిగినట్టు.

కంపెనీ మారినా నంబరు మారకుండా ఉండే ఈ సౌకర్యం 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికీ వచ్చింది. అంతకుముందు షాపు బోర్డు మీద రాయించిన నంబరు పోతుందని సిగ్నలు లేకపోయినా జనం పాత కంపెనీలోనే పడి ఉండేవారు. ఆ బాధ తీరి ఇన్నేళ్లయినా దీన్ని సక్రమంగా దుర్వినియోగం చేసుకోవడం చాలామందికి తెలియడం లేదు. అందుకే ఈ సలహాలు.

చిత్తుప్రతి చదివిన మా ఆవిడ, "వీటిలో ఒక్కటీ పాటించకండి అని కింద రాయండి" అంది. పన్నెండేళ్లుగా ఒకే కంపెనీలో ఉన్న మనిషికి ఈ విద్య ఏం తెలుస్తుంది?

1. ఇల్లు చూడకండి, హోర్డింగు చూడండి

దేశం మొత్తం మీద ఎవరి నెట్‌వర్క్ పెద్దదో ముందు కనుక్కోండి. లద్దాఖ్‌లో సిగ్నలుందా, అండమాన్‌లో ఉందా అని ఆరా తీయండి. మీ వంటింట్లో ఉందా అని మాత్రం అడగకండి.

కొందరు చాదస్తులుంటారు. ఏ ప్రాంతంలో 2జీ, 4జీ, 5జీ అందుతాయో కంపెనీలు తమ వెబ్‌సైట్లలో మ్యాపులు పెట్టాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో నిబంధన తెచ్చింది కదా అని, ఆ మ్యాపు తెరిచి తమ వీధి వెతుక్కుంటారు. అంతటితో ఆగరు. పక్కింటాయన్నీ, పాలబ్బాయినీ, అపార్టుమెంటు వాచ్‌మన్‌నీ పట్టుకుని "నీదే సిమ్ము? లోపలి గదిలో మాట్లాడితే కట్టవుతుందా?" అని అడుగుతారు. మ్యాపులో రంగు వీధి దాకానే, గదిలో సంగతి ఆ గదిలో ఉండేవాడికే తెలుస్తుందని వాళ్ల వాదన. వాచ్‌మన్‌ని సలహా అడగడం మనబోటివాళ్లకు తగునా?

ఇంటర్ పూర్తయిన మా అబ్బాయి దీనికి భౌతికశాస్త్రం కూడా జోడించాడు. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయట, గోడలు దూరి లోపలికొస్తాయట. 5జీకి ఎక్కువగా వాడే 3,500 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు డేటాను వేగంగా మోస్తాయి గానీ గోడ తగిలితే నీరసిస్తాయట. మా ఇంటి గోడలు మా తాతగారు కట్టించినవి, మూరెడు మందం. నేను వాడి మాట పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా బాల్కనీలో నిలబడి అరుస్తున్నాను. నా ఆర్థిక పరిస్థితి వీధంతటికీ తెలిసిపోయింది. ఇద్దరు జాలిపడి అప్పిస్తామన్నారు. లోపలి గదిలో సిగ్నలుంటే ఈ లాభం ఉండేదా?

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోను సెట్టింగుల్లో వై-ఫై కాలింగ్ నొక్కితే చాలు, సిగ్నలు లేని గదిలోనూ మామూలు కాల్స్ వస్తాయని కూడా వాడే చెప్పాడు. పైసా ఖర్చు కాని వైద్యం ఒక వైద్యమా? పోర్టే పెట్టండి.

2. గీతలు లెక్కపెట్టి తృప్తి పడండి

పగలు పదకొండింటికి, గొడుగు కింద నిలబడి, కుర్రాడి ఫోన్లో సిగ్నలు గీతలు చూడండి. నాలుగూ ఉన్నాయా? ఇక పరీక్ష అయిపోయినట్టే. రాత్రి ఎనిమిదింటికి మీ ఇంట్లో అదే నాలుగు గీతలతో వీడియో గిర్రున తిరుగుతూ ఉంటే, తప్పు ఆ వీడియోది.

టవరు ఎంత గట్టిగా వినిపిస్తోందో గీతలు చెబుతాయి గానీ, ఆ టవరును ఒకేసారి ఎంతమంది పీక్కుతింటున్నారో చెప్పవు. బస్సు ఆగినంత మాత్రాన సీటున్నట్టు కాదు. పుష్కరాల్లో గోదావరి గట్టున నిలబడ్డవాళ్లకు ఇది తెలుసు. ఫోను నిండా గీతలుంటాయి, జనంలో తప్పిపోయిన బాబాయికి మాత్రం కాల్ వెళ్లదు. అందుకని నెట్‌వర్క్‌ను జనం ఎక్కువగా వాడే వేళలో, మనం వాడే చోట చూడాలంటారు. అంత ఓపికుంటే సిమ్ము మార్చడం ఎందుకు, పాతదాంతోనే కాపురం చేయొచ్చు.

3. ముందు పోర్టు, తర్వాత పరీక్ష

రెండు సిమ్ముల ఫోను చేతిలో ఉంది కదా అని, రెండో గూట్లో కొత్త కంపెనీ సిమ్ము ఒక నెల వేసుకుని, ఇంట్లోనూ ఆఫీసులోనూ చుట్టాలిళ్లలోనూ చూసి, అప్పుడుగానీ అసలు నంబరు కదపని పిరికివాళ్లున్నారు. మా మరదలు అదే పని చేసింది. రెండో వారంలో ఆ సిమ్ము తీసి డబ్బాలో పడేసింది. ఆమెకు పోయింది ఒక చిన్న రీఛార్జు. అనుభవం కూడా అంతే దక్కింది.

నేను నేరుగా అసలు నంబరే మార్చాను. వారం తిరక్కుండా మా అత్తగారి ఊరు వెళ్లాం, మారేడుమిల్లి దాటి లోపలికి. రంపచోడవరం దాటాక నా ఫోను మౌనవ్రతం పట్టింది. వెనక్కి మారదామంటే, ఒక కంపెనీలోకి వచ్చాక 90 రోజులు గడిస్తేగానీ కదలనివ్వరు. అయ్యప్ప మాల 41 రోజులే. ఇది రెండు మాలలు వేసి తీసినా ఇంకా మిగిలే దీక్ష.

4. ధర చూడండి, రోజులు చూడకండి

28 రోజుల ప్లానును నెల ప్లాను అనే పిలవండి. అలా పిలిస్తే మనసుకు హాయి. 299 రూపాయల ప్లాను ఏడాదికి పన్నెండుసార్లు, అంటే 3,588 రూపాయలు. లెక్కల మాస్టార్లు మాత్రం 365ని 28తో భాగించి, పదమూడు రీఛార్జులు, 3,887 రూపాయలు అంటారు. ఆ పదమూడోది అధికమాసం. పంచాంగంలో అధికమాసం రెండున్నరేళ్లు దాటాక ఒకసారి వస్తుంది, రీఛార్జులో ఏటా వస్తుంది. పుణ్యం ఎక్కువ కాదూ?

ఈ సణుగుడు వినే ట్రాయ్ 2022లో ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతినెలా అదే తేదీకి రీఛార్జు చేసుకునే ప్లాను మరొకటి పెట్టి తీరాలంది. అవి ఎక్కడున్నాయని అడిగి గొడుగు కింది కుర్రాణ్ని ఇబ్బంది పెట్టకండి.

భాగహారంతో ఇంకో ప్రమాదముంది. 2024 జులై 3న రేట్లు పెరిగినప్పుడు, రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో 28 రోజుల ప్లాను 239 నుంచి 299కి, అదే డేటా ఇచ్చే 84 రోజుల ప్లాను 666 నుంచి 799కి పోయాయి. రోజుల్లెక్కన భాగిస్తే మొదటిది 10 రూపాయల 68 పైసలు, రెండోది 9 రూపాయల 51 పైసలు. అంటే ఉన్న కంపెనీలోనే ఉండి, ప్లాను మార్చుకుంటే ఏడాదికి నాలుగొందలకు పైగా మిగిలేది. కదలకుండా కూర్చున్నవాడికి డబ్బు మిగలడం మా శాస్త్రానికే అవమానం.

ఆ నెలలోనే, రేట్లు పెంచని బీఎస్ఎన్ఎల్‌లోకి లక్షలమంది వెళ్లారు. తమ ఊళ్లో దాని 4జీ వచ్చిందో లేదో కనుక్కుని వెళ్లినవాళ్లు సుఖపడ్డారు. ధర ఒక్కటే చూసి వెళ్లినవాళ్లు నాకు ఆప్తులు. దాని స్వదేశీ 4జీని లాంఛనంగా ప్రారంభించింది 2025 సెప్టెంబరు 27న. ఆప్తులు అప్పటిదాకా కాసుకు కూర్చోవడంలో తప్పేముంది?

5. డేటా కడవలతో కొనండి

మీరు రోజుకెంత డేటా వాడుతున్నారో ఫోను సెట్టింగుల్లో ఉంటుంది. చూడకండి. చూస్తే పెద్ద ప్లాను కొనబుద్ధి కాదు. ఇంట్లో వై-ఫై ఉన్నా రోజుకు మూడు జీబీ తీసుకోండి. 5జీ ఫోను లేకపోయినా 5జీ పేరు చెప్పి అమ్మే ప్లానే తీసుకోండి, గుర్రం తర్వాత కొనొచ్చు, ముందు కళ్లెం ఉండాలి.

మా అత్తగారిది బటన్ల ఫోను. ఆవిడ నంబరుకు రోజుకు రెండు జీబీ ప్లాను నేనే వేయించాను. ప్రతి అర్ధరాత్రి రెండు జీబీ వచ్చి, ఎవరూ ముట్టక, మర్నాటి అర్ధరాత్రికి దానంతటదే పోయేది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్లాన్లు విడిగా పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పడం, కొత్త ఏడాది రాగానే కంపెనీలు పెట్టడం మా ఆవిడ ఎక్కడో చదివింది. వెంటనే తల్లికి మార్పించేసింది. డేటా పోయిన సంగతి మా అత్తగారు ఇంతవరకు గమనించలేదు.

6. ముహూర్తం పెట్టుకోండి

పోర్టు పెట్టడం తేలిక. మెసేజీలో ఇంగ్లిషులో పోర్ట్ అని రాసి, కాస్త ఖాళీ వదిలి, మీ నంబరు కొట్టి 1900కు పంపాలి. ఒక కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే చెల్లుతుంది. దాన్నీ ఆధార్‌నీ పట్టుకుని కొత్త కంపెనీ దగ్గరికి వెళ్లాలి.

ఒకే సర్కిల్లో అయితే మూడు పనిదినాలు, సర్కిల్ మారితే ఐదు. రాష్ట్రం 2014లో రెండయింది గానీ టెలికం లెక్కలో ఆంధ్రా, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ వెళ్లి మార్చుకున్నా మూడు రోజులే. బెంగళూరులో తీసుకున్న నంబరును ఇక్కడ మార్చుకుంటే ఐదు. పనిదినాలన్నారు కాబట్టి భోగి ముందురోజు మొదలుపెట్టండి. కనుమ వెళ్లేదాకా ఏమైందో తెలియక పండగ రంజుగా ఉంటుంది.

పాత సిమ్ము ఆగి కొత్తది పలకడానికి మధ్య కొన్ని గంటలు ఫోను చచ్చిపడి ఉంటుంది. తర్వాత యూపీఐ యాప్‌లు సిమ్ము మారిందని కనిపెట్టి మళ్లీ మొదటి నుంచి నమోదు చేసుకోమంటాయి. ఈ గంటలు మీ జీవితంలో ముఖ్యమైన రోజున పడేలా చూసుకోండి. నేను మా అబ్బాయి ఈఏపీసెట్ కౌన్సెలింగు రోజు పెట్టుకున్నాను. ఓటీపీ నా నంబరుకు రావాలి, నా నంబరు రెండు కంపెనీల మధ్య గోదావరి ఈదుతోంది. ఆ సాయంత్రం నాతో ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అంత ప్రశాంతత మళ్లీ దొరకలేదు.

7. అష్టాక్షరిని లోకానికి చాటండి

1900 నుంచి వచ్చే కోడ్‌లో ఎనిమిది అక్షరాలుంటాయి. అష్టాక్షరి అన్నమాట. రామానుజులవారు గోపురమెక్కి అష్టాక్షరీ మంత్రాన్ని అందరికీ వినిపించారని విన్నాం కదా, మీరూ ఆ కోడ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టండి. "కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం" అని ఎవరు ఫోన్ చేసినా చదివి వినిపించండి.

దాచుకోవాలనేవాళ్ల భయం ఒక్కటే. నంబరు ఇంకొకడి సిమ్ములోకి పోతే బ్యాంకు ఓటీపీలు కూడా వాడికే పోతాయి. ఇలాంటి మోసాలను ఆపడానికే, సిమ్ము మార్పించుకున్న ఏడు రోజుల లోపు పోర్టు కోడ్ ఇవ్వకూడదని 2024 జులై 1 నుంచి నిబంధన పెట్టారు. రామానుజులవారికి బ్యాంకు ఖాతా లేదన్న సంగతి మనం మరిచిపోదాం.

8. పాత బాకీ ఉంచండి, కొత్త బ్యాలెన్సు వేయండి

పోస్ట్‌పెయిడ్ వాళ్లు ఆఖరి బిల్లు కట్టకుండా పోర్టు పెట్టండి. తిరస్కరిస్తారు, మళ్లీ పెట్టొచ్చు. ప్రీపెయిడ్ వాళ్లు ఏడాది ప్లాను వేయించుకున్న మర్నాడే కంపెనీ మారండి. మిగిలిన రోజులు, డేటా, బ్యాలెన్సు మీ వెంట రావు. ప్లాను అయిపోయే వారం చూసుకుని మారేవాళ్లు ఈ వదులుకోవడంలోని సుఖం ఎరగరు.

9. బతిమాలే ఫోను కోసం ఎదురు చూడండి

పోర్టు మెసేజీ పెట్టగానే పాత కంపెనీ నుంచి ఫోను వస్తుంది. రెండేళ్లు కస్టమర్ కేర్‌కు మీరు ఫోన్ చేస్తే సంగీతం వినిపించినవాళ్లు, ఇప్పుడు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. మురిసిపోండి. "మీరు మాకు చాలా విలువైనవారు" అని నాకు చెప్పిన అమ్మాయి గొంతు ఇంకా చెవిలోనే ఉంది. ఆ విలువ ఎంతో తర్వాత చూశాను. నన్ను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించే రేవు కూలి, 2019 డిసెంబరు నుంచి, 6 రూపాయల 46 పైసలు.

చివరగా, మొన్న మా అత్తగారిని అడిగాను, "ఏం చూసి ఈ సిమ్ము కొన్నారండీ" అని. "ఊళ్లో ఎవరి ఫోను మోగుతుందో చూసి, వాళ్లదే కొన్నాను బాబూ" అన్నారు. మ్యాపు లేదు, మెగాహెర్ట్జ్ లేదు, భాగహారం లేదు. ఇంత అశాస్త్రీయంగా ఎంచుకున్న సిమ్ము ఎన్నాళ్లు నిలుస్తుంది లెండి.

ఈ సలహాల్లో సందేహాలుంటే, నా నంబరుకు చేయకండి, ప్రస్తుతం అత్తగారింట్లోనే ఉన్నాను. ఆవిడ నంబరుకు చేయండి. మొదటి రింగుకే ఎత్తుతారు.

మా ఆవిడ మాట కూడా కాదనలేక రాస్తున్నాను: పైవాటిలో ఒక్కటీ పాటించకండి.