వెంకయ్య ఏ అరుగు మీద పడుకున్నాడు?

వంశవృక్షం గీసే పెద్దాయన ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో మా పెదనాన్న. లెక్కల మాస్టారిగా రిటైరయ్యారు గానీ లెక్కలు ఆయన్ని వదల్లేదు. పెళ్ళికెళితే అక్షింతలు వేసి ఊరుకోరు. భోజనాల దగ్గర పెళ్ళికొడుకు నాయనమ్మ పక్కన చేరి, "మీ అత్తగారి అత్తగారి పేరేంటమ్మా?" అంటారు. సరిగ్గా అప్పుడే ఆవిడ గారె కొరికి ఉంటుంది.

ఆయన బెంగంతా వెంకయ్యగారి మీద. తద్దినం మంత్రంలో మూడు తరాల పేర్లు దొరుకుతాయి. ఈయన నాలుగో తరం. 1881 ఫిబ్రవరి 17 రాత్రిని లెక్కగా పెట్టుకుని దేశమంతా తలలు లెక్కపెట్టారట. "ఆ రాత్రి మన వెంకయ్య ఏ అరుగు మీద పడుకున్నాడో తేలితే చాలురా" అంటారు. తీరా ఆ జనాభా లెక్కల పుస్తకం సంపాదిస్తే, కృష్ణా జిల్లాలో పదిహేను లక్షల పైచిలుకు జనం ఉన్నారు గానీ ఒక్కరికీ పేరు లేదు. "ఇందులో ఒకటి మనవాడేరా" అని ఆ అంకె కింద పెన్సిల్‌తో గీత గీసుకున్నారు.

లెస్టర్‌లో ఉన్న అన్నయ్య ఫోన్లో, "ఇక్కడి 1881 లెక్కల్లో పనిమనిషి పేరు, వయసు, పుట్టిన ఊరు కూడా ఉన్నాయి నాన్నా" అన్నాడు. తప్పంతా వాడిదే అయినట్టు పెదనాన్న రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు.

పేర్లు దాచినా ఒరిగేదేముందని నా వాదన. మొగుడి పేరు పలకని ఇల్లాళ్ళు, వయసడిగితే "నలభయ్యో, యాభయ్యో" అనే మగవాళ్ళు. పైగా తాత పేరు మనవడికి పెడతాం కదా, వెంకయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు మళ్ళీ వెంకయ్య. ఏ వెంకయ్యని పట్టుకుంటారు?

ఆయన వినరు. "ఇనాం రిజిస్టర్లో పేరూ వయసూ రాస్తారు, పద" అని నన్ను రికార్డు గదికి లాక్కెళ్ళారు. పెట్రోలు నాది, గుమాస్తాగారి టీ నాది, మూడు రోజుల తుమ్ములూ నావే. ఆయన మాత్రం ఫసలీ ఏడాదికి 590 కలిపి ఇంగ్లీషు ఏడాది లెక్కగట్టుకుంటూ నకళ్ళ కట్టతో పెళ్ళికొడుకులా ఇంటికొచ్చారు. కళ్ళజోడు మారేదాకా చదివిపెట్టమని ఆ కట్ట నాకే అంటగట్టారు.

రాత్రి పదకొండు దాటాక ఓ కాగితం మీద మా ఇంటిపేరు కనబడింది. ఫసలీ 1270. వెంకయ్య, వయసు 20. వెంటనే ఫోన్ చేశాను.

"ఇరవయ్యేనా, ఇరవయ్యో పాతికోనా?" అన్నారు నిద్రమత్తులో.

"ఇరవయ్యే పెదనాన్నా."

"సరే, పొద్దున చూద్దాం, పడుకో" అని పెట్టేశారు.

నాకు నిద్ర పడితేనా! 1270కి 590 కలిపితే 1860. అంటే 1881కి నలభై ఒకటి. ఫిబ్రవరి అంటే ఇంకా కాస్త చలే కదా. అరుగు మీద పడుకుని ఉండడేమో.